మొదటిసారే కదా!

"మొదటిసారే కదా, పోనిద్దురూ!" ఈ మాట వినపడని ఇల్లు తెలుగునాట వుండదు. కొత్తకోడలు పాలు పొంగబెట్టినా, పిల్లాడు లెక్కల్లో సున్నా తెచ్చుకున్నా, పనమ్మాయి గాజుగ్లాసు పగలగొట్టినా మనం ముందుగా వెతుక్కునే మాట యిదే. మొదటిసారి చేసిన తప్పుని తప్పుల లెక్కలో వెయ్యటానికి మనకి మనసొప్పదు. రెండోసారి చేస్తే అప్పుడు చూసుకుందాం లెమ్మంటాం. రెండోసారి కూడా ఆ మాటే అంటామనుకోండి, అది వేరే సంగతి.

మన ఇళ్ళల్లో లాగే చట్టం కూడా చాలా నేరాల్లో ఈ "మొదటిసారి"కి ఒక పీట వేసి కూర్చోబెడుతుంది. మొదటి నేరానికి ఇంత, తరువాతి దానికి ఇంత అని రెండు లెక్కలు రాసి పెడుతుంది. తాగి బండి నడిపినవాడి విషయంలో ఆ మొదటి లెక్క ఎంత వుండాలి అన్నదాని మీద ప్రపంచం నూట యాభై ఏళ్ళుగా తల పట్టుకుని కూర్చుంది. ఆ కథ వినటానికి నవ్వుగానే మొదలవుతుంది గాని నవ్వుగా ముగియదు. మొగవాళ్ళ తాగుడు గొడవ మనకెందుకులే అనుకుని పేజీ తిప్పెయ్యకండి. చదువుతూ పోతే ఈ కథలో ముఖ్యమైన మలుపుల దగ్గర ఆడవాళ్ళే నిలబడి కనిపించారు నాకు.

మోటారు రోడ్డెక్కకముందే తాగి బండి తోలటం నేరమయింది. ఇంగ్లండులో 1872 లో మద్యం అమ్మకాల గురించి ఒక చట్టం చేశారు. అందులో ఒక సెక్షను వుంది. తప్పతాగి రోడ్డు మీద బండిని గాని, గుర్రాన్ని గాని, పశువుని గాని, ఆవిరియంత్రాన్ని గాని తోలుకుపోయేవాడికి నలభై షిల్లింగులదాకా జరిమానా, లేదా నెలరోజులదాకా జైలు. పశువుని గాని అన్నారు, చూశారూ? సంతలో ఆవుని కొని, ఆ సంతోషంలో ఓ గ్లాసు ఎక్కువ పుచ్చుకుని, తూలుతూ ఇంటికి తోలుకొచ్చే ఆసామీ కూడా నేరస్థుడే. ఆవుకి ఇంటిదారి తెలుసు గదా అన్న వాదన చెల్లదు కాబోలు!

పాతికేళ్ళు గడిచాయి. 1897 ఆగస్టులో లండను వీధుల్లోకి కరెంటుతో నడిచే అద్దెకార్లు వచ్చాయి. అవి నడిచేటప్పుడు వచ్చే జుమ్మన్న చప్పుడుని బట్టి జనం వాటికి ఒక చిన్న పిట్ట పేరు పెట్టి పిలిచేవారు. వచ్చి సరిగ్గా నెల తిరిగిందో లేదో, సెప్టెంబరు 10 న అర్ధరాత్రి దాటాక, జార్జి స్మిత్ అనే డ్రైవరు తన కారుని న్యూ బాండ్ వీధిలో కాలిబాట ఎక్కించి తీసుకెళ్ళి ఒక ఇంటికి గుద్దాడు. మోటారుకారు తాగి నడిపినందుకు శిక్ష పడ్డ మొదటివాడుగా అతను చరిత్రలోకి ఎక్కాడు. రెండు మూడు గ్లాసుల బీరు తాగానని ఒప్పుకున్నాడు. ఆ పైన మేజిస్ట్రేటుతో ఏమన్నాడో తెలుసా? తప్పయిపోయిందండీ, ఇలా పట్టుబడటం ఇదే మొదటిసారండీ అన్నాడు!

అంటే ఈ నేరమూ, ఈ సాకూ ఒకే రోజున కోర్టు మెట్లెక్కాయన్నమాట. పాతిక షిల్లింగులు దాటని జరిమానాతో స్మిత్ బయటపడ్డాడు. ఆ మేజిస్ట్రేటు మాత్రం ఒక మంచిమాట చెప్పాడు. బెదిరి పరుగెత్తే గుర్రాన్నయితే మా పోలీసులు ఎలాగో ఆపగలరు, మోటారుని ఆపటం మాత్రం అలా కుదరదు సుమా అని. గుర్రం బండివాడు తాగినా గుర్రం తాగదు కదా! ఎదురుగా గోడ వుంటే అది ఆగుతుంది. మోటారుకి ఆ పాటి బుద్ధి లేదు. మొత్తం బుద్ధంతా చక్రం పట్టుకున్నవాడిదే. వాడు తన బుద్ధిని సీసాలో వదిలేసి వస్తే ఇక అందులో ఎవరున్నట్టు?

ఇంతకంటే పాతమాట మన దగ్గరే ఒకటుంది. మనువుతో మన ఆడవాళ్ళకి వేరే తగాదాలు చాలా వున్నాయి గాని, బండ్ల గురించి ఆయన స్మృతి ఎనిమిదో అధ్యాయంలో చెప్పిన సంగతి మాత్రం నన్ను ఆపి చదివించింది. బండివాడు పని తెలిసినవాడై వుండి ప్రమాదం చేస్తే దండుగ అతనొక్కడిదే. పని తెలియనివాడైతే మాత్రం అతని బండెక్కి కూర్చున్నవాళ్ళు కూడా తలా నూరు పణాలు కట్టుకోవాలన్నాడు. తాగుడు ప్రసక్తి అక్కడ లేదు. ఎవరు తోలుతున్నారో చూసుకోకుండా ఎక్కి కూర్చోవటం కూడా తప్పే అన్న ఆలోచన మాత్రం వుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, ముందు మళ్ళీ పని పడుతుంది.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1906 లో తాగినవాడు మోటారు నడపకూడదని చట్టం చేసింది. ఇంగ్లండు 1925 లో మోటార్లకి ప్రత్యేకంగా శిక్ష పెంచింది. యాభై పౌన్లదాకా జరిమానా, నాలుగు నెలలదాకా జైలు, పన్నెండు నెలలు లైసెన్సు రద్దు. ఆ తరువాత 1930 లో మరో చట్టం చేసి, బండిని సరిగ్గా అదుపు చెయ్యలేనంతగా తాగి వుంటే అది నేరం అని నిర్వచించింది. దాదాపు ఇవే మాటలు సముద్రం దాటి మన దేశపు 1939 మోటారు వాహనాల చట్టంలోకి వచ్చి, 117 వ సెక్షనుగా కూర్చున్నాయి. మొదటి నేరానికి మూడు నెలలదాకా జైలు, లేదా 500 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ అన్నారు. ఆ రోజుల్లో నెలకి ముప్ఫై, నలభై రూపాయల జీతంతో సంసారాలు ఈదుకొచ్చినవాళ్ళు మన తాతలు. వాళ్ళ లెక్కలో 500 అంటే ఒక ఏడాది జీతం. గట్టి దెబ్బే.

కాని దెబ్బ పడాలంటే నేరం రుజువు కావాలి గదా? అదుపు చెయ్యలేనంతగా తాగాడని ఎలా చెప్పటం? ఇంగ్లండులో పోలీసు డాక్టరు వచ్చి, గీత మీద నడిపించేవాడు. నాలుక మడతపడే మాటలు చెప్పించేవాడు. వాసన చూసేవాడు. నడకలో తేడా వుంటే నాకు మోకాళ్ళనొప్పులండీ అనేవాడు ఒకడు. మాట తడబడితే నాకు చిన్నప్పటినుంచీ నత్తండీ అనేవాడు మరొకడు. వకీలుగారు వుండనే వున్నారు. పెద్దమనిషి తరహాలో కోటు వేసుకుని గంభీరంగా నిలబడ్డవాడు ఎంత తాగినా తాగనట్టే లెక్క. పేదవాడు తూలితే చాలు, తాగినట్టే లెక్క. కొలత లేని చోట మొహం చూసి తీర్పు చెప్పటం తప్పదు కదా.

ఆ కొలతని తెచ్చిపెట్టింది శాస్త్రజ్ఞులు. స్వీడనులో విడ్‌మార్క్ అనే ఆయన 1920 ల నుంచీ రక్తంలో మద్యం ఎంతుందో కొలిచే పద్ధతి మీద పనిచేశాడు. దాని ఆధారంగా 1936 లో నార్వే ప్రపంచంలోనే మొదటిసారిగా ఒక అంకె పెట్టింది. నూటికి అర పాలులో పదోవంతు, అంటే నూరు మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు మించి మద్యం వుంటే నేరమే. తూలాడా, తూలలేదా అన్న ప్రశ్నే లేదు. మొదటిసారా, పదోసారా అన్న జాలీ లేదు. మామూలుగా కనీసం 21 రోజులు జైల్లో వుండి రావలసిందే. దాదాపు యాభై ఏళ్ళు నార్వే ఇదే పద్ధతి నడిపింది. డాక్టర్లూ, ప్లీడర్లూ, ఉద్యోగస్తులూ అందరూ తమ వంతు రాగానే చిన్న పెట్టె సర్దుకుని వెళ్ళి ఆ మూడు వారాలూ గడిపి వచ్చేవారు. పక్క దేశం ఫిన్లాండు ఇంకో అడుగు వేసింది. 1952 ఒలింపిక్సు కోసం హెల్సింకీలో కట్టిన విమానాశ్రయం పనిలో ఖైదీల చేత చాకిరీ చేయించారు. వాళ్ళలో తాగి బండి నడిపి పట్టుబడ్డ పెద్దమనుషులూ వున్నారు.

రక్తం తియ్యటానికి సూది కావాలి, డాక్టరు కావాలి. అర్ధరాత్రి రోడ్డు మీద అదెక్కడ కుదురుతుంది? అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞుడు హార్గర్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. బూర ఊదమన్నాడు! ఆ ఊపిరిని రసాయనాల్లోంచి పంపితే మద్యం ఎంతుందో రంగు మారి చెబుతుంది. 1938 డిసెంబరు 31 రాత్రి ఇండియానాపోలిస్ పోలీసులు దాన్ని మొదటిసారి వీధిలోకి తెచ్చారు. కొత్త సంవత్సరం వేడుక చేసుకుని వస్తున్నవాళ్ళకి ఎంత సంబరంగా వుండి వుంటుందో వూహించుకోండి. 1954 లో బోర్కెన్‌స్టీన్ అనే ఆయన ఇంకా తేలికయిన యంత్రం చేశాడు. మన పోలీసుల చేతుల్లో ఇప్పుడు కనిపించే చిన్న పెట్టె ఆ బూరకి మనవరాలి లాంటిది.

ఇక్కడ కథలోకి ఒక స్త్రీ వస్తుంది. పేరు బార్బరా కాజిల్. 1965 చివర ఆవిడ బ్రిటన్‌కి రవాణామంత్రి అయింది. రవాణామంత్రే గాని ఆవిడకి కారు నడపటం రాదు! ఆవిడ 1967 లో తెచ్చిన చట్టం నూరు మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు అని హద్దు గీసింది. దాన్ని దాటి పట్టుబడితే, అది జీవితంలో మొదటిసారే అయినాసరే, కనీసం ఏడాదిపాటు లైసెన్సు పోవలసిందే. అక్టోబరు 9 నుంచి రోడ్ల మీద గాజుగొట్టం, ప్లాస్టిక్ సంచీ పట్టుకుని పోలీసులు నిలబడ్డారు. గొట్టంలో పసుపుపచ్చగా వున్న పలుకులు ఆకుపచ్చగా మారితే ఇక అంతే.

దేశం దేశమంతా ఆవిడ మీద విరుచుకుపడింది. సారాయి దుకాణాలవాళ్ళు మా వ్యాపారం కూలిపోతుందన్నారు. చంపుతామని ఉత్తరాలు వచ్చాయి. నువ్వు ఆడదానివి, పైగా డ్రైవింగు రాదు, నీకేం తెలుసమ్మా అన్న ధోరణిలో ఒక విలేఖరి రేడియోలోనే అడిగాడట. కూర వండటం రాని మొగాళ్ళు కూరలో ఉప్పు గురించి మాట్లాడటం లేదా అని నేనైతే అడిగేదాన్ని. ఆవిడ మాటలతో పెట్టుకోలేదు, లెక్కలు రానిచ్చింది. మొదటి ఏడాదిలోనే రోడ్డు మీద చావులు వెయ్యికి పైగా తగ్గాయి. శని, ఆదివారాల రాత్రులు తగిలే పెద్ద దెబ్బలూ, చావులూ మొదట్లో మూడింట రెండువంతులు తగ్గిపోయాయి. డ్రైవింగు రాని ఒక ఆడది ఇంతమంది ఇల్లాళ్ళ పసుపుకుంకాలు కాపాడింది.

అయితే కొన్నేళ్ళకి ఆ ఫలితం మెల్లగా పల్చబడుతూ వచ్చింది. ఎందుకంటే మొదట్లో ప్రతి మలుపులో పోలీసు వుంటాడని జనం భయపడ్డారు. తరువాత తరువాత, పట్టుకునేది ఏ నూటికో కోటికో ఒకరినే అని తెలిసిపోయింది. ఈ విషయాన్ని ఏళ్ళతరబడి చదివిన లారెన్స్ రాస్ అనే పరిశోధకుడు తేల్చిందేమిటంటే, శిక్ష పెద్దదా చిన్నదా అన్నదానికంటే, తప్పక పట్టుబడతాను, వెంటనే శిక్ష పడుతుంది అన్న నమ్మకమే మనిషిని ఎక్కువగా ఆపుతుందని. ఇది మనకి కొత్త సంగతి కాదు. నాన్నగారి బెత్తం అటక మీద వుంటుంది. అమ్మ కళ్ళు ఎప్పుడూ పిల్లాడి మీదే వుంటాయి. పిల్లాడు దేనికి ఎక్కువ జంకుతాడో మీకు నేను చెప్పాలా?

రెండో స్త్రీ క్యాండీ లైట్నర్. అమెరికాలో కాలిఫోర్నియావిడ. 1980 మే 3 న ఆవిడ పదమూడేళ్ళ కూతురు రోడ్డు పక్కన నడిచి వెళుతుంటే ఒక కారు వెనకనుంచి వచ్చి కొట్టి, ఆగకుండా పోయింది. నడిపినవాడు తాగి వున్నాడు. అది అతని మొదటిసారి కాదు. రెండు రోజుల ముందే అలాంటి మరో కేసులో జామీను మీద బయటికి వచ్చాడు. అంతకుముందు శిక్షలు కూడా పడ్డాయి. ప్రతిసారీ ఎవరో ఒకరు పోనిద్దురూ అన్నారన్నమాట. వీడికి జైలు పడుతుందన్న ఆశ పెట్టుకోకమ్మా అని పోలీసులే ఆ తల్లికి చెప్పారట. ఆవిడ ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. ఆ సంవత్సరమే తాగి నడిపేవాళ్ళకి ఎదురుగా తల్లుల సంఘం పెట్టింది. ఆ తల్లులు కోర్టుల్లో వెళ్ళి కూర్చున్నారు. శాసనసభల ముందు పిల్లల ఫొటోలు పట్టుకుని నిలబడ్డారు. 1984 లో అమెరికా అంతటా మద్యం కొనే వయసుని 21 కి పెంచే చట్టం వచ్చిందంటే దాని వెనక ఆ తల్లుల పట్టుదల వుంది.

మన దుబగుంట గుర్తుకు రావటం లేదూ మీకు? 1992 లో నెల్లూరు జిల్లాలో చదువు నేర్చుకోవటానికి రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించి మరీ ఇంటికి వెళ్ళారు. రోశమ్మ లాంటి పల్లెటూరి ఇల్లాళ్ళు ముందు నడిస్తే 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997 లో ఆ నిషేధం ఎత్తేశారు, అది మనకి తెలిసిందే. కాలిఫోర్నియా తల్లికి దుబగుంట తెలియదు, దుబగుంట తల్లికి కాలిఫోర్నియా తెలియదు. ఇద్దరిదీ ఒకటే కోపం.

ఇక మన చట్టం దగ్గరికి వద్దాం. 1939 నాటి చట్టం స్థానంలో 1988 లో కొత్త మోటారు వాహనాల చట్టం చేశారు. 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. తాగి నడపటం ఇందులో 185 వ సెక్షను. మొదట్లో రక్తంలో మద్యం ఏ కొంచెం వున్నా నేరమే అని రాశారు. 1994 లో దాన్ని సవరించి నూరు మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు అని హద్దు పెట్టారు. మనిషి ఒంట్లో రక్తం అయిదు లీటర్లనుకుంటే, ఆ మొత్తం రక్తంలో ఒకటిన్నర గ్రాములన్నమాట. మనం మందు పోసే చిన్న చెంచాలో సగానికి కూడా రాదు. కాస్తే పుచ్చుకున్నానే అనేవాళ్ళు ఈ అరచెంచాని తలుచుకోవాలి. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండినా, చన్నీళ్ళు పోసుకున్నా అది దిగదు. కాలేయం దాని తీరికలో అది అరగదీయవలసిందే. కాఫీ ఇస్తే తాగినవాడు మేలుకుంటాడేమో గాని, మేలుకున్న తాగుబోతు తాగుబోతే.

మొదటి నేరానికి శిక్ష ఆరు నెలలదాకా జైలు, లేదా 2,000 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ అని 1988 లో రాశారు. ఆ 2,000 అలాగే ముప్ఫై ఏళ్ళు కూర్చుంది. బంగారం ధర పెరిగింది, కందిపప్పు ధర పెరిగింది, మద్యం ధరా పెరిగింది. తాగి నడిపినందుకు కట్టే ధర మాత్రం పెరగలేదు. చివరికి ఆ రాత్రి అయిన బిల్లు కంటే జరిమానాయే చవకయ్యే రోజులొచ్చాయి. 2019 లో సవరణ చేసి, సెప్టెంబరు 1 నుంచి మొదటి నేరానికి 10,000, మళ్ళీ చేస్తే 15,000 చేశారు. జైలు మొదటిసారికి ఆరు నెలలదాకా, ఆపైన రెండేళ్ళదాకా. ఇంకో ముఖ్యమైన సంగతుంది. సిగ్నలు దాటినందుకు కట్టినట్టు రోడ్డు మీదే డబ్బు కట్టేసి వెళ్ళిపోవటానికి ఇందులో వీల్లేదు. కోర్టుకి వెళ్ళి మేజిస్ట్రేటు ముందు నిలబడాల్సిందే. స్కూటరైనా కారైనా ఒకటే నియమం.

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. వాళ్ళబ్బాయి స్నేహితుడి పెళ్ళివిందునుంచి వస్తూ పట్టుబడ్డాడు. తెల్లారేసరికి పిన్నిగారు మా ఇంటికొచ్చారు.

"మొదటిసారే కదే అమ్మాయ్, ఏదో అయిదొందలు పుచ్చుకుని వదిలెయ్యరూ? చదువుకున్నదానివి, నీకు తెలిసే వుంటుంది."

"వదలరు పిన్నిగారూ. కోర్టుకి వెళ్ళాలి. దానికి ముందు అబ్బాయిని కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతారు. ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురమ్మంటారు."

"నన్నెందుకే? నేనేం తాగానా?" అన్నారావిడ పాపం, తెల్లబోయి.

హైదరాబాదులో 2010 తరువాతి ఏళ్ళలో ట్రాఫిక్ పోలీసులు పెట్టిన పద్ధతి ఇది. గోషామహల్‌లో ట్రాఫిక్ శిక్షణ సంస్థ వుంది. పట్టుబడ్డవాళ్ళు భార్యనో, తల్లినో, తండ్రినో వెంటబెట్టుకుని అక్కడ హాజరు కావాలి. పిన్నిగారు కూడా వెళ్ళొచ్చారు. వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. ప్రమాదాల బొమ్మలు చూపించారట. పక్క వరసలో చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని ఒకమ్మాయి కూర్చుని వుందట. "తాగింది వాళ్ళేనే, తలొంచుకు కూర్చుంది మాత్రం మేమూనూ" అన్నారు. ఆవిడ మాటలో న్యాయముంది. చెయ్యని తప్పుకి ఆడవాళ్ళని ఎందుకు కూర్చోబెట్టాలి అని నేనూ అనుకున్నాను. కాని ఆ అబ్బాయి 10,000 సంగతి తలవనైనా తలవడు. అమ్మని అక్కడ కూర్చోబెట్టాల్సి వచ్చిందే అన్నమాట మాత్రం ఇప్పటికీ అంటాడు. చట్టానికి ఇది తెలిసే ఆ కుర్చీ వేసిందేమో!

చట్టం తప్పు చేసినవాణ్ణి పట్టుకోవటమే గాని అడ్డగోలుగా పోవటానికి లేదు. పట్టుకున్నవాణ్ణి రెండు గంటల్లోగా పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలెయ్యాలి. బండి లాక్కునే విషయంలో 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు గట్టిగా చెప్పింది. తాగాడన్న కారణంతో బండిని పోలీసులు పట్టుకుపోయి పెట్టుకోవటానికి వీల్లేదు, వెంట తాగనివాళ్ళూ లైసెన్సున్నవాళ్ళూ వుంటే వాళ్ళకివ్వాలి, లేకపోతే బంధువునో స్నేహితుణ్ణో పిలిపించి అప్పగించాలి అని. ఆ అర్ధరాత్రి ఫోను ఎవరికొస్తుందో మనకి తెలుసు గదా!

ఇదంతా ఎవరికీ ఏమీ కానప్పటి మాట. అయితే? 2006 నవంబరులో ముంబాయి కార్టర్ రోడ్డులో తాగి నడిపిన కారు ఒకటి కాలిబాట మీద నిద్రపోతున్న కూలీల మీదికి వెళ్ళింది. ఏడుగురు పోయారు. కింది కోర్టు ఆరు నెలల పదిహేను రోజులు వేస్తే, హైకోర్టు మూడేళ్ళు చేసింది, 2012 లో సుప్రీంకోర్టు ఆ మూడేళ్ళనీ ఖాయం చేసింది. ఏడు ప్రాణాలకి మూడేళ్ళు ఎక్కువా తక్కువా అంటే నేనేం చెప్పను? 2024 జూలై నుంచి వచ్చిన కొత్త నేరస్మృతిలో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే అయిదేళ్ళదాకా జైలు అన్నారు. ఇదికాక ఇన్సూరెన్సు సంగతొకటి. తాగి నడిపిన బండి నుజ్జయితే దానికి డబ్బివ్వనక్కర్లేదన్న కంపెనీ వాదనని 2021 లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కారు బాకీ వాయిదాలు మాత్రం ఆగవు.

మనువు మాట గుర్తుందా, బండెక్కినవాళ్ళకి కూడా దండుగ అన్నది? 2007 లో జపాన్ సరిగ్గా ఆ పనే చేసింది. తాగాడని తెలిసి అతని బండిలో ఎక్కి కూర్చుని నన్ను దింపు అన్నవాడికి శిక్ష, బండి నడుపుతాడని తెలిసి మద్యం పోసినవాడికి శిక్ష, బండి తాళం ఇచ్చినవాడికి శిక్ష. అంతకుముందు ఏడాది తాగినవాడొకడు వంతెన మీద ఒక సంసారం కారుని వెనకనుంచి గుద్ది నీళ్ళలోకి తోస్తే ముగ్గురు పసిపిల్లలు పోయారు. ఆ దుఃఖంలోంచి వచ్చిన చట్టమది. తప్పు ఒక్కడిదే కాదు, చూస్తూ ఊరుకున్నవాళ్ళది కూడా అన్నది జపాన్.

ఇవన్నీ చదివాక నాకు తోచిందేమిటంటే, "మొదటి నేరం" అన్న మాటలోనే ఒక తిరకాసుంది. చట్టం దృష్టిలో మొదటిసారి అంటే మొదటిసారి రుజువయిందని. జార్జి స్మిత్ కూడా, ఇలా పట్టుబడటం మొదటిసారి అన్నాడే గాని, తాగి తోలటం మొదటిసారి అనలేదు. పోలీసు చేతికి చిక్కేలోగా ఎన్ని రాత్రులు దేవుడి దయవల్ల ఇంటికి చేరాడో ఎవరు లెక్కపెట్టారు? ఆ లెక్క తెలిసినవాళ్ళు ఒక్కరే. మెట్ల దగ్గర చప్పుడు వినిపించేదాకా లైటు ఆర్పకుండా కూర్చునేవాళ్ళు.

అయినా మొదటిసారికి కాస్త దయ వుండటం న్యాయమేనంటాను. ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఒక్క రాత్రి తప్పుకి జన్మంతా మాసిపోనక్కర్లేదు. దయ చూపటానికీ చూసీచూడనట్టు వదిలెయ్యటానికీ తేడా వుంది. మొదటిసారి గట్టిగా పట్టుకుని, కోర్టు మెట్లెక్కించి, లైసెన్సు కొన్నాళ్ళు దాచి, ఇంటికి పంపటం దయే. పోనిద్దురూ అని వదిలెయ్యటం మాత్రం ఎదురొచ్చే ఎవరి పిల్లలకో మనం చేసే అపకారం.

చట్టానికి మొదటిసారి అన్నది జరిగిన తరువాతనే తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళకి ముందే తెలుస్తుంది. విందుకి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, "ఏమండీ, తాళం ఇక్కడ పెట్టి ఆటోలో వెళ్ళండి" అని మా ఇంట్లో నేనంటాను. మావారు విసుక్కుంటారు. విసుక్కుంటూనే తాళం మేకుకి తగిలించి వెళతారు.